చిన్న పడవలో ఒక రాత్రి: లంగరు దించడం నుంచి తెల్లవారే దాకా

పడవలో పడుకున్న మొదటిసారి అర్ధరాత్రి దాటాక రెండింటికి మెలకువ వచ్చింది. లేపింది చప్పుడు కాదు, చప్పుడు లేకపోవడం. సాయంత్రం నుంచి ముందు కొన కింద గలగలమంటున్న అలలు ఒక్కసారిగా మూగబోయాయి. తల పైకెత్తి చూస్తే చేతికందేంత దూరంలో రెల్లుగడ్డి. గాలి దిశ మారింది, లంగరు ఊడింది, పడవ నెమ్మదిగా వెనక్కి జారుతూ గట్టు పక్కకు చేరింది. అడుగున మెత్తని బురద కాబట్టి పరువు తప్ప ఏమీ పోలేదు. ఆ రోజు మంచి పరుపు తెచ్చుకున్నాను, దోమతెర తెచ్చుకున్నాను, ఫ్లాస్కు నిండా టీ తెచ్చుకున్నాను. లంగరు తాడు ఎంత వదిలానో మాత్రం లెక్కపెట్టలేదు.

అందుకే ఇక్కడ పరుపు గురించి కొంచెం, లంగరు గురించి చాలా ఉంటుంది. ఐదు నుంచి తొమ్మిది మీటర్ల పొడవుండి, ముందు భాగంలో చిన్న గది గానీ పైన గుడ్డ కప్పు గానీ ఉన్న విహార పడవలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. చెరువైనా, నదైనా, సముద్రపు పాయైనా చేయవలసిన పనులు దాదాపు ఇవే.

మొదటి అడుగు: తొలి రాత్రి రేవులోనే

మొదటిసారే దూరంగా వెళ్లి లంగరు వేయవద్దు. పడవను రేవులో కట్టేసి అక్కడే ఒక రాత్రి పడుకోండి. లాంతరు ఎక్కడ పెట్టారో చీకట్లో దొరుకుతుందా, మరుగుదొడ్డి డబ్బా మూత సరిగా పడుతుందా, పరుపు మీ ఎత్తుకు సరిపోతుందా, ఇవన్నీ గట్టుకు నాలుగడుగుల దూరంలో తెలుసుకోవడం మేలు. ఏది బాగాలేకపోయినా లేచి ఇంటికి వెళ్లవచ్చు.

రేవులో కట్టేటప్పుడు ముందు ఒక తాడు, వెనుక ఒక తాడు సరిపోవు. ముందు కొన నుంచి వెనుకవైపు గట్టుకు ఒకటి, వెనుక కొన నుంచి ముందువైపు గట్టుకు ఒకటి ఏటవాలుగా కట్టండి. పడవ ముందుకూ వెనక్కూ గుంజుకోకుండా ఆపేవి ఈ రెండే. ఆటుపోట్లున్న చోట తాళ్లకు వదులు ఇవ్వాలి. బిగించి పడుకుంటే నీరు దిగినప్పుడు పడవ తాళ్లకు వేలాడుతుంది. గట్టుకూ పడవకూ మధ్య వేసే రబ్బరు దిండ్లు మూడుకు తగ్గకూడదు.

ఇంకో హెచ్చరిక. రేవు నుంచి పడవకు కరెంటు తీసుకుంటున్నారా? అయితే ఆ చుట్టుపక్కల నీళ్లలోకి ఎవరూ దిగకూడదు, పిల్లలైతే అసలే కూడదు. ఎక్కడో వైరు చెడి కరెంటు నీటిలోకి పాకితే కంటికి కనిపించదు. మంచినీటిలో ఈ ప్రమాదం ఉప్పునీటిలో కంటే ఎక్కువ. మంచినీటి కంటే మనిషి ఒంట్లోంచి కరెంటు తేలిగ్గా పోతుంది, కాబట్టి అక్కడ ఒళ్లే దానికి సులువైన దారి అవుతుంది. ఈతగాడి కండరాలు బిగుసుకుపోయి మునిగిపోతాడు.

రెండో అడుగు: వెలుతురుండగానే చోటు చూసుకోవడం

సూర్యాస్తమయానికి కనీసం రెండు గంటల ముందు ఆ చోటికి చేరండి. మొదటి చోటు నచ్చకపోతే రెండో చోటికి వెళ్లే వ్యవధి ఉండాలి. చీకటి పడ్డాక మనిషి దేనికైనా సర్దుకుపోతాడు, అక్కడే పొరపాట్లు మొదలవుతాయి.

ఇప్పుడు గాలి ఎటు వీస్తుందో చూసి ఊరుకోకండి. రాత్రంతా ఎటు వీస్తుందో వాతావరణ సూచనలో చూడండి. పెద్ద నీటి ఒడ్డున పగలు నీటి మీది నుంచి నేల వైపు వీచే గాలి, నేల చల్లబడ్డాక రాత్రి తిరగబడి నేల మీది నుంచి నీటి వైపు వీస్తుంది. సాయంత్రం ప్రశాంతంగా కనిపించిన మూల అర్ధరాత్రికి ఎదురుగాలికి తలుపు తీసినట్లు కావచ్చు. కొండల మధ్య ఉన్న జలాశయాల్లో చల్లబడిన గాలి లోయలోంచి కిందికి దొర్లి వస్తుంది. నా రెల్లుగడ్డి కథలో జరిగింది ఇదే. ఉరుములతో వాన పడే సూచన ఉంటే ఆ రాత్రికి ప్రయాణం మానుకోండి. సిగ్గుపడాల్సిన పని కాదు.

గాలి వచ్చే వైపు గట్టు ఉండాలి, గాలి తోసే వైపు ఖాళీ నీరు ఉండాలి. లంగరు ఊడినా పడవ ఖాళీ నీటి మీదికే పోతుంది, మీకు మేలుకునే సమయం దొరుకుతుంది. రాకపోకల దారిలో, కేబుళ్లు ఉన్నాయని బోర్డు పెట్టిన చోట, ఎవరో వేసిన వలల దగ్గర ఆగకండి. దూరంగా ఒక్క పెద్ద పడవ వెళ్లినా దాని అలలు మీ గదిలో గిన్నెలన్నీ కింద పడేయగలవు.

ఆటుపోట్లున్న నీటిలో లోతు అనేది గంటగంటకూ మారే సంఖ్య. చాలా తీరాల్లో ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే మీరు నిద్రపోయే సమయంలో నీరు ఒకసారి పూర్తిగా దిగి తీరుతుంది లేదా ఎక్కి తీరుతుంది. నీరు దిగడం కూడా ఒకే వేగంతో ఉండదు. ఆరు గంటల పాటులో మూడో, నాలుగో గంటల్లోనే దాదాపు సగం నీరు వెళ్లిపోతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో ఈ ఎత్తు తేడా ఇంకా పెద్దది. అతి తక్కువ నీరున్నప్పుడు కూడా పడవ అడుగున మీటరైనా మిగులుతుందా అని ముందే లెక్క వేయండి.

మూడో అడుగు: లంగరు

లంగరు బరువు వల్ల పడవ ఆగుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. లంగరు నాగలి కర్రులా నేలలోకి దిగబడి ఆపుతుంది. దిగబడాలంటే దాన్ని పక్కకు లాగాలి, పైకి లాగకూడదు. తాడు పొడుగ్గా ఉంటే లాగుడు పక్కకు పడుతుంది, పొట్టిగా ఉంటే పైకి పడి లంగరును పెరికేస్తుంది. మిగతా సూత్రాలన్నీ ఈ ఒక్క విషయం నుంచి వచ్చినవే.

లెక్క ఇలా. నీటి లోతు 3 మీటర్లు. నీటి మట్టం నుంచి పడవ ముందు కొన ఎత్తు 1 మీటరు. రాత్రికి పోటులో పెరిగే నీరు మరో మీటరు. మొత్తం 5. పూర్తిగా గొలుసే ఉంటే దీనికి ఐదు రెట్లు, అంటే 25 మీటర్లు. కొద్దిపాటి గొలుసు, మిగతాదంతా తాడు అయితే ఏడు రెట్లు, అంటే 35 మీటర్లు. చేసే తప్పు ఏమిటంటే, 3 మీటర్ల లోతు ఒక్కదాన్నే చూసి దాన్ని ఏడుతో గుణించి 21 మీటర్లు వదిలేయడం. అర్ధరాత్రి పోటు వచ్చేసరికి అది ఏడు రెట్లు కాదు, నాలుగు రెట్లకు కాస్త పైన మాత్రమే. గాలి పెరిగితే చాలదు. తాడు మీద ప్రతి ఐదు మీటర్లకూ ఒక రంగు దారం కుట్టి ఉంచుకుంటే చీకట్లో కూడా వేళ్లతో లెక్కపెట్టవచ్చు.

వేసే పద్ధతి. పడవను గాలికి ఎదురుగా తిప్పి, పూర్తిగా ఆగనివ్వండి. లంగరును విసరకండి. సినిమాల్లో బాగుంటుంది గానీ నీటిలో తాడు లంగరు చుట్టూ చుట్టుకుంటుంది. చేతితో మెల్లగా దించండి. అది అడుగును తాకగానే గాలి పడవను వెనక్కి తీసుకుపోతుంది. ఆ వేగానికే తాడు వదులుతూ పోండి. సగం వదిలాక ఒకసారి ఆపి పట్టండి, కొంచెం బిగుస్తుంది. మిగతాది వదిలి కొక్కేనికి కట్టేయండి. ఆ తర్వాత ఇంజన్‌ను వెనక్కి నడపండి, మొదట నెమ్మదిగా, తర్వాత సగం వేగం దాకా, అర నిమిషం పాటు. ఇంజన్ లేకపోతే తెడ్లతో వెనక్కి లాగండి, మిగతా పని గాలికి వదిలేయండి.

ఈ అర నిమిషంలో ముందుకు వెళ్లి, బిగిసిన తాడు మీద అరచేయి ఆనించండి. గొలుసయితే కొక్కేనికి, రోలరుకు దూరంగా. వేళ్లు నలిగే చోటు అది. లంగరు పట్టు దొరికితే తాడు వీణ తీగలా బిగిసి కదలకుండా ఉంటుంది. జారుతుంటే గతుకుల బాటలో బండి చక్రం మీద చేయి వేసినట్లు సన్నటి వణుకు, మధ్యమధ్యన చిన్న కుదుపు తగులుతుంది. ఒకసారి తెలిస్తే జీవితంలో మరచిపోలేరు. ఏ పరికరమూ ఇంత నమ్మకంగా చెప్పదు.

వణుకు తగిలితే లాగేసి మళ్లీ వేయండి. రెండోసారీ అంతే అయితే అక్కడి నేల పనికిరాదు. దట్టమైన నాచు, నున్నటి రాయి అయి ఉంటుంది. ఇసుక, గట్టి బురద మంచివి. చోటు మార్చండి.

పట్టు దొరికాక గట్టు మీద ఒకదాని వెనుక ఒకటి వరుసలో కనిపించే రెండు గుర్తులు చూసుకోండి. ఒక చెట్టు, దాని వెనుక స్తంభం లాంటివి. పక్కవైపు కూడా మరో జత. వరుస చెదిరితే పడవ కదిలినట్లే. ఒకటి చీకట్లోనూ కనిపించే దీపమై ఉంటే మంచిది. ఫోనులో లంగరు అలారం యాప్ పెట్టుకుంటే సరే, కానీ గుర్తు పెట్టవలసింది లంగరు దించిన చోటు, పడవ ఇప్పుడున్న చోటు కాదు. రాత్రంతా ఫోనును చార్జరుకు తగిలించి ఉంచండి.

పడవ లంగరు చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. 30 మీటర్ల తాడు, 7 మీటర్ల పడవ అయితే లంగరు చుట్టూ ఇంచుమించు 37 మీటర్ల వ్యాసార్థం మీది. ఆ వలయంలో గట్టు, బండరాయి, మరో పడవ ఏదీ ఉండకూడదు. ముందే వచ్చి ఆగినవారికి ఆ చోటు మీద హక్కు ఉందని అంతా ఒప్పుకునే మర్యాద. వెనుక వచ్చినవారే దూరం చూసుకోవాలి. పక్క పడవ పూర్తి గొలుసుతో, మీరు తాడుతో ఆగితే ఇద్దరూ ఒకే వేగంతో తిరగరని గుర్తుంచుకోండి.

నాలుగో అడుగు: దీపం

లంగరు వేసిన పడవ చీకట్లో ఉంటే ఎదుటివారికి రాయితో సమానం. 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నౌకల ఢీ నివారణ నిబంధనల ప్రకారం లంగరు మీదున్న చిన్న పడవ అన్ని వైపులా కనిపించే ఒక తెల్ల దీపం చూపాలి, అది 2 నాటికల్ మైళ్ల దూరానికి కనిపించాలి. పగలైతే ముందు భాగాన ఒక నల్లని బంతి. 7 మీటర్ల లోపు పడవలు రాకపోకల దారిలో గానీ, నలుగురు లంగరు వేసే చోట గానీ లేకపోతే మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును నేను ఎప్పుడూ వాడుకోలేదు. నదులు, చెరువుల్లో వేరే నియమాలు ఉండవచ్చు, బయలుదేరే ముందే అక్కడివారిని అడగండి. తిరుగుతూ వెలిగే అలంకార దీపాలు, రంగు దీపాలు వద్దు. వాటిని చూసి ఎదుటివారు మీరేదో కదులుతున్న పడవ అనుకుంటారు.

ఐదో అడుగు: విషవాయువు, గ్యాసు, పెట్రోలు

నిద్రలో ప్రాణం తీసేది నీరొక్కటే కాదు. ఇది తొందరపడి చదివే భాగం కాదు.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, తూలు దాని తొలి గుర్తులు. పడవలో ఉన్నవాళ్లు వీటిని సముద్రపు కళ్లు తిరుగుడు అనుకుంటారు, పడుకుంటే తగ్గుతుందని పడుకుంటారు. ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చిందంటే గాలి మీదే అనుమానపడి బయటికి రండి.

పొగ మీదైనా, పక్కవారిదైనా ఒకటే. పెట్రోలు ఇంజన్, జనరేటర్ వెనుక నుంచి వదిలే పొగ గాలితో తిరిగి గదిలోకి వస్తుంది. పక్క పడవ జనరేటర్ రాత్రంతా నడుస్తుంటే దానికి గాలి వచ్చే వైపు ఉండండి, లేదా అక్కడి నుంచి వెళ్లిపోండి. చలి వేస్తోందని స్టవ్ వెలిగించి పడుకోవద్దు. బొగ్గుల కుంపటి గదిలోకి తేవద్దు, నిప్పు ఆరినట్లు కనిపించినా సరే. పడవలకు తగిన కార్బన్ మోనాక్సైడ్ అలారం పడుకునే చోటికి దగ్గరగా బిగించి, ప్రతి ప్రయాణానికి ముందు బటన్ నొక్కి చూడండి.

వంట గ్యాసు, పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. ఇంట్లో లీకయిన గ్యాసు తలుపు కింది నుంచి బయటికి పోయే దారి ఉంటుంది. పడవ అడుగు మాత్రం ఒక గిన్నె, దిగినది దిగినట్లే నిలిచిపోతుంది. వంట అయ్యాక సిలిండర్ దగ్గరే కవాటం కట్టేసి, పైపులో మిగిలింది మండి ఆరనివ్వండి. పెట్రోలు ఇంజన్ లోపల ఉంటే నడిపే ముందు అడుగు అరలో గాలి ఊదే ఫ్యానును నాలుగు నిమిషాలైనా తిప్పి, మూత తీసి వాసన చూడండి. ముక్కును ఫ్యానుకంటే ఎక్కువ నమ్మండి.

ఆరో అడుగు: పడక, తేమ

ముందు గదిలో పడక పడవ కొనకు తగ్గట్టు సన్నబడుతుంది. కాళ్లు కొన వైపు, తల వెడల్పు వైపు. పైన కిటికీ ఉంటే తల దాని కిందే. ఊగుడు తక్కువగా ఉండేది పడవ మధ్యలో. కళ్లు తిరిగేవారికి మధ్య బల్లను ఇవ్వండి, ముందు గదిని కుర్రవాళ్లకు వదిలేయండి.

మనిషి రాత్రి నిద్రలో ఊపిరి, చర్మం ద్వారా సుమారు పావు లీటరు నీటిని గాలిలోకి వదులుతాడు. ఇద్దరు పడుకుంటే అర లీటరు. తెల్లవారుజామున చల్లబడ్డ గోడలకు అదంతా చెమటగా పడుతుంది. కిటికీలన్నీ బిగించి పడుకుంటే వెచ్చగా ఉంటుందనుకుంటారు, తెల్లవారేసరికి దుప్పటి తడిసి ఉంటుంది. ముందూ వెనుకా ఒక్కో సందు తెరిచి ఉంచి, తెర కట్టండి. గాలి ఒక దారిన వచ్చి ఇంకో దారిన పోవాలి. పరుపు కింద చెక్క పలకల మధ్య ఖాళీలుంటే మంచిది, లేకపోతే తెల్లారగానే పరుపు ఎత్తి నిలబెట్టండి. పత్తి దుప్పట్లు తేమ పీల్చి ఆరవు, ఉన్ని గానీ సింథటిక్ గానీ తీసుకోండి. దోమతెర గుడ్డ కప్పున్న పడవకు తప్పనిసరి.

ఏడో అడుగు: నీళ్లు, మరుగుదొడ్డి, చీకట్లో లేవడం

తాగడానికి, వంటకు కలిపి ఒక్కొక్కరికి రోజుకు మూడు, నాలుగు లీటర్లు. భోజనం ఎండ ఉండగానే వండి తినేయండి. మరుగు పని డబ్బాలోనే, నిలిచిన నీటిలోకి కాదు. అక్కడే పిల్లలు రేపు ఈత కొడతారు.

అంచున నిలబడి మూత్రం పోయడం సరదాగా చెప్పుకునే విషయమే అయినా, రాత్రి నీటిలో పడేవారిలో కొందరు అలాగే పడతారు. ఒక చేత్తో గుడ్డ సర్దుకుంటూ, ఇంకో చేత్తో ఏమీ పట్టుకోకుండా, నిద్రమత్తులో ఊగే బల్ల మీద నిలబడితే అంతే. గదిలో మూతి వెడల్పున్న సీసా ఉంచుకోండి. బయటికి రావాల్సి వస్తే లైఫ్ జాకెట్ వేసుకోండి. నీటిలో ఉన్నవాడి చేతికి అందే నిచ్చెన వెనుకవైపు కట్టి పెట్టండి. పడవ పైనుంచి మాత్రమే దించగలిగే నిచ్చెన, ఒంటరిగా పడ్డవాడికి లేనట్లే. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎర్ర కాంతి టార్చి వాడితే ఆ అలవాటు పోదు.

గట్టు మీద ఒకరికి ఎక్కడ ఆగుతున్నారో, ఎప్పటికి వస్తారో చెప్పి వెళ్లండి.

ఎనిమిదో అడుగు: బ్యాటరీ లెక్క

12 వోల్టుల సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. 100 ఆంపియర్ గంటల బ్యాటరీలో మీకు దక్కేది 50. ఎల్‌ఈడీ లంగరు దీపం 0.2 ఆంపియర్లు, 12 గంటలకు రెండున్నర. పాత ఫిలమెంటు బల్బు 10 వాట్లదైతే పదికి చేరుతుంది. చిన్న ఫ్యాను రాత్రంతా నాలుగు, ఐదు. ఫ్రిజ్ ఇరవైకి పైగా తినేస్తుంది, తలుపు తీసినకొద్దీ ఇంకా. వాడకం ఆపి కాసేపు వదిలాక వోల్టేజీ 12.2కు వచ్చిందంటే సగం పోయినట్లే. ఇంజన్ నడపడానికి వేరే బ్యాటరీ ఉండాలి, దాన్ని ఫ్యాను, ఫ్రిజ్‌లకు తగిలించకండి. అడుగున చేరిన నీటిని తోడే ఆటోమేటిక్ పంపు స్విచ్‌ను మాత్రం ఏ కారణంతోనూ ఆపకండి.

రాత్రి చప్పుళ్లు

మొదటి రాత్రి ప్రతి చప్పుడూ ప్రమాదమే అనిపిస్తుంది. వెనుకభాగం కింద అల చప్‌చప్‌మనడం మామూలు. రేవులో అయితే ముందు కొనను గాలికి తిప్పి కడితే తగ్గుతుంది. తెరచాప తాడు కొయ్యకు కొట్టుకుంటుంటే లేచి పక్కకు లాగి కట్టేయండి, రేపటికి పక్కవారూ దండం పెడతారు. గొలుసు నేలమీద గరగరలాడితే దానికి నైలాన్ తాడు ముక్క ఒకటి కొక్కేనికి తగిలించి బరువంతా దాని మీదికి మార్చండి, నిశ్శబ్దమవుతుంది, పైగా కుదుపును మింగుతుంది. వెచ్చని సముద్రాల్లో పడవ గోడకు చెవి ఆనిస్తే నూనెలో ఏదో వేగుతున్నట్లు చిటపట వినిపిస్తుంది. పడవకేమీ కాలేదు. అవి ఒక రకం రొయ్యలు, పెద్ద డెక్కను టక్కున మూసినప్పుడు వచ్చే చప్పుడు.

చప్పుడు మారడాన్ని గమనించడం నేర్చుకోవాలి. అలల శబ్దం ఆగినా, పడవ ఊగే తీరు మారినా, గాలి ఇంకో చెవిలోంచి వినిపించినా లేచి గుర్తులు చూడండి.

లంగరు జారితే

పడుకునే ముందే నిర్ణయించుకోండి. చీకట్లో మత్తుగా ఉన్న బుర్రతో ఆలోచించాల్సిన పని కాదు. ఎటు వెళ్తే లోతైన నీరు, దిక్సూచిలో ఎన్ని డిగ్రీలు, దారిలో అడ్డం ఏమిటి, ఇవి ఒక కాగితం మీద రాసి తాళం చెవి పక్కన పెట్టండి. తాళం చెవి ఎప్పుడూ ఒకే చోట. బూట్లు, జాకెట్, టార్చి మంచం పక్కన.

వెనుక చోటుంటే ముందు తాడు మరో పది మీటర్లు వదలండి. చాలాసార్లు అదే సరిపోతుంది. నిలవకపోతే ఇంజన్ నడిపి, ముందుకు వెళ్తూ లంగరు లాగి, మళ్లీ వేయండి. ఒకరు చుక్కాని దగ్గర, ఒకరు ముందు, ఎర్ర టార్చితో ఎటు వెళ్లాలో చూపిస్తూ. అరుపులు వద్దు, ఇంజన్ చప్పుడులో వినిపించవు. గట్టు దగ్గరపడుతుంటే లంగరు తీయడానికి సమయం వృథా చేయకండి. తాడు చివర డబ్బా కట్టి వదిలేసి వెళ్లిపోండి. పొద్దున్నే తిరిగి వచ్చి తీసుకోవచ్చు.

తెల్లవారాక

మొదట కిటికీలన్నీ తీసి, అడుగు అరలో నీరు ఎంత చేరిందో చూడండి. ఇంజన్ ఫ్యాను నాలుగు నిమిషాలు. ఆ తర్వాత తాడు మీదుగా మెల్లగా ముందుకు వెళ్లి, లంగరు సరిగ్గా మీ కింద ఉన్నప్పుడు ఒకసారి కట్టేసి ఆగండి. అలల ఊపే దాన్ని వదులు చేస్తుంది, నడుము మీద లాగాల్సిన పనిలేదు. పైకి వచ్చాక కడిగేసే ముందు రెక్కలు చూడండి. రెండు రెక్కలూ కొసల దాకా బురద పట్టి ఉంటే అది రాత్రంతా లోపలే ఉంది. ఒక రెక్కకే పట్టి, రెండోది శుభ్రంగా మెరుస్తుంటే సగం పట్టుతోనే తెల్లవార్చారు. నాది రెల్లుగడ్డి పొద్దున పైకి తీసినప్పుడు రెండు రెక్కలూ శుభ్రంగానే ఉన్నాయి, మధ్యలో ఒక నాచు తీగ మాత్రం చుట్టుకుని ఉంది.